అందరూ దిగాక

కొండ మీద, యాత్రికుల గది
పండగ మొదటి రోజు

చిట్టీ,

మేం పైకి చేరాం. చేరాం అంటే చేరాం, అంతే. నా మోకాళ్ళు మాత్రం ఇంకా సగం దారిలోనే కూర్చుని ఉన్నట్టున్నాయి. ముందుగా ఒక సంగతి. వంటగదిలో గ్యాసు కట్టేశానో లేదో గుర్తు రావడం లేదు. కట్టేశాననే అనిపిస్తోంది. కానీ అనిపించడం వేరు, కట్టడం వేరు కదా. డ్యూటీ దిగాక ఒక్కసారి వెళ్ళి చూడు. తాళం చెవి పక్కింటి కుట్టుమిషను ఆవిడ దగ్గరుంది. పెరటి వైపు కిటికీ కూడా చూడు. కుళాయి కూడా. అన్నీ నీకే చెబుతున్నానని తిట్టుకోకు. నీకు కాక ఎవరికి చెప్పుకోను?

బస్సు కొండ కిందే ఆగిపోయింది. అక్కణ్ణించి నడకే. ముందు మెట్లు, తర్వాత మెట్లని పేరు పెట్టుకున్న రాళ్ళు. సామాను గాడిదల మీద వస్తుంది. గాడిదలాయన తన ముసలి గాడిదకి దొరసాని అని పేరు పెట్టుకున్నాడు. దానికి మొక్కితే గానీ అడుగు వేయదట. నా మూట దాని మీద వేసి, "అమ్మా, మీరు దిగులుపడకండి, మీకంటే ఇదే ముందు చేరుతుంది" అన్నాడు. నిజంగానే చేరింది.

మీ బావ ఎక్కుతారో లేదో, దారి మధ్యలో కూర్చుండిపోతారేమో, నన్ను వదిలి ఎటైనా పోతారేమో అని దారంతా కనిపెడుతూనే ఉన్నాను. డాక్టరు చెప్పింది నువ్వూ విన్నావు కదా, ఈ మతిమరుపు పెరిగేదే గానీ తరిగేది కాదని. ఆ మాట విన్న రోజునే అనుకున్నాను, ఇక ఈ చర్చికే, కొండమాత దగ్గరికే తీసుకుపోవాలని. పోయినవి తిరిగి ఇస్తుందంటారు ఈవిడ. చూపు పోయినవాళ్ళు వచ్చారు. మాట పోయిన పిల్లని చంకనేసుకుని ఒకమ్మాయి వచ్చింది. చక్రాల కుర్చీలో ఉన్న మనిషిని నలుగురు భుజాల మీద మోసుకొచ్చారు. అంత జనం మధ్య నా కష్టం మాతకి కనిపిస్తుందా అని ఒక దిగులు. కనిపించినా వరుసలో ఎప్పుడొస్తుందో అని ఇంకో దిగులు.

మాతని పల్లకీలో బయటికి తెచ్చారు. ఆ పల్లకీ కింద నుంచి వంగి దూరాలి. వంగితే మళ్ళీ లేవగలనా అని భయపడుతూనే మీ బావ చేయి పట్టుకుని దూరాను. గాలికి కొవ్వొత్తులు ఆరిపోతుంటే జనం ఒకరి దాంతో ఒకరు వెలిగించుకుంటూ పాడుతున్నారు. నాకు పాట రాదు, ఏడుపే వచ్చింది. ఆయన జ్ఞాపకం ఆయనకి తిరిగి ఇవ్వమ్మా అని అడిగాను. ఇంకేం అడగలేదు.

ఇక ఇది విను. పైకి వచ్చిన దగ్గర్నుంచి మీ బావ కొత్త మనిషి అయిపోయారు. మెట్ల చివర ఒక ఇనుప గేటు ఉంది. దాని పక్కన నిటారుగా నిలబడి, చొక్కా గుండీ మెడదాకా పెట్టుకుని, "మెల్లిగా, తోసుకోకండి, అందరికీ చోటుంది" అంటూ వచ్చేవాళ్ళకి చేయి అందిస్తున్నారు. పండగ పనివాళ్ళలో ఒకరనుకుని ఫాదర్‌గారే మెచ్చుకున్నారు. నన్ను కూడా చేయి పట్టుకుని పైకి లాగి, "జాగ్రత్తమ్మా" అన్నారు. ఎంత మర్యాదో!

పండగ అయిపోగానే దిగిపోతాం. ఇక్కడ ఫోను పలకదు. ఉత్తరాలు గాడిదలాయన తెస్తాడు, తీసుకుపోతాడు.

నీ అక్క


ఆసుపత్రి వెనక, నా గది

అక్కా,

గ్యాసు కట్టే ఉంది. కుళాయి కట్టే ఉంది. కిటికీ కూడా వేసే ఉంది. ఇల్లు నీకంటే ధైర్యంగా ఉంది. నువ్వు మరిచిపోయింది ఒక్కటే, గుమ్మం బయట ఆరేసిన తువ్వాలు. దాన్ని మడతపెట్టి లోపల పెట్టాను. ఇప్పుడు దాని గురించి మొదలుపెట్టకు.

బావ అంత హుషారుగా ఉన్నారంటే సంతోషమే. ఈ మధ్య ఆయన నవ్వగా నేను చూడలేదు. ఇక్కడ లాండ్రీలో అందరికీ చెప్పాను. ఈ ఆసుపత్రిలో ఆయన నడిపిన లిఫ్టు ఎక్కినవాళ్ళు ఇంకా ఉన్నారు కదా, "పెద్దాయన బావున్నారా" అని అడుగుతూనే ఉంటారు. ఇప్పుడా లిఫ్టు దానంతటదే నడుస్తుంది. లోపల నిలబడితే పలకరించే దిక్కు లేదు.

మాత్రలు పంపుతున్నాను. తెల్లవి పొద్దున, పసుపువి రాత్రికి. తారుమారు చేయకు. నాకు తెలుసు, చేయవు. చేశావేమోనని మాత్రం రాత్రంతా మేలుకుని ఉంటావు.

ఒక్క మాట. పండగ చివరి రోజునే దిగిపోండి, ఆలస్యం చేయకండి. దిగాక తిన్నగా ఇంటికి వెళ్ళకండి. ముందు ఆసుపత్రికి రండి. డాక్టరుగారు ఒకసారి చూస్తానన్నారు. ఊరికే, చూడ్డానికి.

చిట్టి


కొండ మీద, యాత్రికుల గది
పండగ అయిపోయాక

చిట్టీ,

మేం దిగలేదు. ఎలా రాయాలో తెలియడం లేదు. నువ్వు కంగారుపడకు, ఆ పని నేను చూసుకుంటున్నాను.

పండగ అయిపోయింది. డేరాలు పీకేశారు. జనం పాటలు పాడుకుంటూ దిగిపోయారు. చూపు లేనివాళ్ళు చూపు లేకుండానే దిగారు పాపం, అయినా నవ్వుతూనే దిగారు. మీ బావ ఆ ఇనుప గేటు దగ్గర నిలబడి ప్రతి మనిషినీ దింపారు. పిల్లల్ని ఎత్తి అందించారు. చక్రాల కుర్చీ ముందు పోవాలని మిగతావాళ్ళందర్నీ ఆపేశారు. నేను మూట కట్టుకుని, దొరసాని మీద వేయించి, "పదండి, మనం కూడా పోదాం" అన్నాను. "మీరు పదండమ్మా, ఇంకా పైన మనుషులున్నారు" అన్నారు.

ఉన్నది ఎవరనుకున్నావు? ఫాదర్‌గారు, వంటమనిషి, గంట కొట్టే తాత. వాళ్ళు ఇక్కడే ఉండేవాళ్ళు. అది నేను నెత్తీ నోరూ బాదుకుని చెప్పాను. ఆయన తలూపి విన్నారు. విని, "అదే కదండీ, వాళ్ళు దిగాలి కదా" అన్నారు.

ఎంత బతిమాలానో నీకు రాయలేను. కోప్పడ్డాను. ఏడ్చాను. ఒళ్ళు బాగాలేదని అబద్ధమాడి పడుకున్నాను. నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చి, నుదుటి మీద చేయి పెట్టి చూసి, మళ్ళీ గేటు దగ్గరికి పోయారు. ఫాదర్‌గారు మంచి మనిషి, ఉన్నన్నాళ్ళు ఉండండి అన్నారు. వంటమనిషికే మేం బరువు. అన్నం వడ్డిస్తూ, "మీ ఆయన నన్ను పొయ్యి ముందు నుంచి రోజూ తరుముతున్నాడమ్మా, ఇదేం చోద్యం" అంది. ఆవిడ కూరలో ఉప్పు ఎక్కువ వేస్తుంది. మీ బావకి ఉప్పు పడదు. అది ఎలా చెప్పాలో తెలియక నేనే నీళ్ళు కలుపుతున్నాను.

మాత్రలు వేసుకుంటున్నారు. నిద్రపోతున్నారు. ఒక్కోసారి అనిపిస్తుంది చిట్టీ, నేను అడగడమే సరిగా అడగలేదేమోనని. జ్ఞాపకం ఇవ్వమన్నాను. ఏ జ్ఞాపకమో చెప్పలేదు. వానలొస్తే దారి ఉండదంటున్నారు. 

అక్క


ఆసుపత్రి వెనక, నా గది

అక్కా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది. తర్వాత కూర్చుండిపోయాను. నీకు తెలియదా? ఎలా తెలుస్తుందిలే, నువ్వు ఇంట్లో ఉండేదానివి. బావ డ్యూటీలో ఉన్నారక్కా.

ఇక్కడ సాయంత్రం లిఫ్టు కట్టేసే ముందు ఆయన ఏం చేసేవారో చెబుతాను. పై అంతస్తు నుంచి మొదలుపెట్టి, ప్రతి అంతస్తులోనూ కటకటాల తలుపు తీసి, "ఎవరైనా దిగాలా" అని కేక వేసేవారు. కేక వేసి ఊరుకునేవారా? నడవా చివరిదాకా నడిచి తలుపు తలుపూ తట్టి చూసేవారు. దుప్పట్లు మడతపెడుతూ ఉండిపోయిన నన్ను ఎన్నిసార్లు తరిమారో. "మరదలైనా సరే, కిందికి పద" అనేవారు. ఆఖరి మనిషి దిగాకే ఆయన దిగేవారు. ఆ లిఫ్టు నడిపినన్నాళ్ళూ ఒక్క రోజు కూడా ఎవరికంటే ముందు దిగలేదు. నువ్వు అన్నం చల్లారిపోయిందని ఆయన మీద రుసరుసలాడేదానివి చూడు, అందుకే ఆలస్యం.

కాబట్టి బతిమాలడం వల్ల లాభం లేదు. పైన ఒక్క మనిషి ఉన్నా ఆయన కదలరు. ఆ ముగ్గుర్నీ దింపు. నిజంగా కాదు, ఊరికే నాటకం. ఫాదర్‌గారిని, వంటావిణ్ణి, ఆ తాతని మొదటి మలుపుదాకా నడవమను. గేటు ఖాళీ అయిందంటే బావ వాళ్ళ వెనకే వచ్చేస్తారు. వచ్చాక వాళ్ళు మెల్లిగా వెనక్కి వెళ్ళిపోవచ్చు.

ఇది పనిచేయకపోతే నేనే సెలవు పెట్టి వస్తాను. ఇద్దరం చెరో చేయి పట్టుకుందాం. ఆకుపచ్చ శాలువా పంపుతున్నాను. కప్పుకో, దాచిపెట్టకు. త్వరగా దింపక్కా. త్వరగా అని ఊరికే అనడం లేదు.

చిట్టి


కొండ మీద, వంటగది పక్కన

చిట్టీ,

నువ్వు రావద్దు. ముందు అది చదువుకో. నువ్వు వస్తే నువ్వు దిగేదాకా కూడా ఆయన కదలరు. ఇక్కడికి వచ్చే ప్రతి మనిషీ ఆయన దింపాల్సిన ఇంకొక మనిషి అవుతున్నారు. నిన్న పాపం ఎవరో ముసలి దంపతులు పండగ అయిపోయిందని తెలియక వచ్చారు. వాళ్ళని తిరిగి దింపేదాకా మీ బావ కాలు కాలిన పిల్లిలా తిరిగారు. ఇక ఆపండయ్యా, ఎవరూ రాకండి అని కొండ కింద బోర్డు పెట్టించాలనుంది నాకు.

నువ్వు చెప్పిన నాటకం ఆడించాను. ఫాదర్‌గారు ముందు ఒప్పుకోలేదు, అబద్ధం కదా అని. "అబద్ధం కాదు ఫాదర్, మలుపుదాకా నడవడమే కదా, కాళ్ళకి మంచిది" అన్నాను. నవ్వి సరేనన్నారు. వంటమనిషి గరిటె పట్టుకునే బయల్దేరింది. మీ బావ వాళ్ళని చక్కగా దింపారు. ఆ తర్వాత లోపలికి తిరిగి ఒక్కో తలుపూ తట్టడం మొదలుపెట్టారు. వంటగది తట్టారు. మా గది తట్టారు. గంట తాళ్ళు ఉండే చిన్న గది తలుపు తోశారు. అక్కడ గంట కొట్టే తాత దుప్పటి కప్పుకుని గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు! మలుపుదాకా నడవడం ఎవడి వల్ల అవుతుందని పడుకున్నాడట. మీ బావ ముఖం చూడాలి అప్పుడు. "చూశారా అమ్మా, నేను చూడకపోతే ఈయన ఇక్కడే ఉండిపోయేవారు" అన్నారు. మలుపు నుంచి వెనక్కి వచ్చి, సంగతి విని ఫాదర్‌గారు నవ్వారు. తర్వాత ముఖం తిప్పుకున్నారు.

ఇంకో పని కూడా చేశాం. అది రాయకూడదనుకున్నాను. గాడిదలాయన, అతని తమ్ముడు కలిసి మీ బావని ఎత్తి దొరసాని మీద కూర్చోబెట్టబోయారు. నేనే చెప్పాను అలా చేయమని. మీ బావ అరిచిన అరుపు నేనెప్పుడూ వినలేదు. "పైన జనం ఉన్నారు, నన్ను దించకండి, పైన జనం ఉన్నారు" అని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. గేటు ఊచ పట్టుకుని వదల్లేదు. అరచేయి గీరుకుపోయింది. వదిలేయండయ్యా అని నేనే కాళ్ళు పట్టుకున్నాను. ఇక ఆ పని చేయను.

నీకు ఒకటి చెప్పలేదు. బస్సు ఎక్కక ముందు నుంచే ఆయనకి నేనెవరో తెలియదు. అమ్మా అంటారు, అండీ అంటారు. మంచి మర్యాద. పండగకి వచ్చిన ఎవరో ఒక ముసలమ్మననుకుంటున్నారు. ఇంత కాలం మొగుడూ పెళ్ళాలుగా బతికి, ఇప్పుడు నన్ను చూసి లేచి నిలబడి చోటిస్తున్నారు. నీకు చెబితే వెనక్కి రమ్మంటావని చెప్పలేదు.

ఒక్కటే ఆశ. వానలు మొదలవగానే చర్చికి తాళం వేసి ఫాదర్‌గారు కూడా కిందికి పోతారట. ఏటా అంతేనట. తాతని, వంటమనిషిని అందర్నీ తీసుకుని. ఆ రోజు నిజంగానే అందరూ దిగుతారు. అప్పటిదాకా కాచుకుని ఉండడమే. వానలు రావాలని మొక్కుతున్నాను. వానకి దారి జారుతుందని భయపడుతున్నాను. రెండూ ఒకే నోటితో.

అక్క


కొండ మీద

చెల్లెలికి,

గాడిదలాయన ఒక మాట చెప్పాడు. కొండ కింద ఆసుపత్రి బండి ఒకటి వచ్చి ఆగిందట. దాని డ్రైవరు టీ కొట్టు దగ్గర అడిగాడట, తాళం వేసే వార్డుకి రావాల్సిన పెద్దాయన ఎప్పుడు దిగుతారని. లాండ్రీలో పనిచేసే ఆవిడ ఆయన పేరు రాయించి మంచం ఆపి ఉంచిందని కూడా చెప్పాడట.

ఊరికే చూడ్డానికి అని రాశావు నాకు.

నా మొగుణ్ణి ఎక్కడ పడుకోబెట్టాలో గాడిదలు తోలేవాడి నోటి వెంట వినాలా నేను? నీ శాలువా తిరిగి పంపుతున్నాను. చలి నాకు అలవాటే.


ఆసుపత్రి వెనక, నా గది

అక్కా,

శాలువా మళ్ళీ పంపుతున్నాను. ఎన్నిసార్లు తిప్పి కొడతావో కొట్టు, దొరసానికే పని.

అవును, పేరు రాయించాను. మీరు కొండకి బయల్దేరక ముందే. నీతో చెబుదామని రెండుసార్లు మీ ఇంటికి వచ్చాను. మొదటిసారి నువ్వు ఆయనకి అన్నం తినిపిస్తున్నావు. రెండోసారి పగలే ఇద్దరూ నిద్రపోతున్నారు. ఆయన లేచి పోకుండా నీ కొంగు ఆయన చేతికి ముడేసి ఉంది. ఆయన పక్కకి తిరిగినప్పుడల్లా నువ్వు నిద్రలోనే లేచి కూర్చుంటున్నావు. నేను గుమ్మంలో నిలబడి చూసి వెనక్కి వచ్చేశాను. ఆ రోజే రాయించాను.

అక్కా, ఆయన పోతే నువ్వు ఏడుస్తావు, నేను ఓదారుస్తాను. ముందు నువ్వే పోతే? ఆయన నీ పక్కన కూర్చుని, నువ్వు లేచి నీళ్ళిస్తావని చూస్తూ ఉంటారు. 

తప్పే చేశాను, నీకు చెప్పకుండా. కానీ ఆ మంచం మంచిదే. కిటికీ పక్కన. దుప్పట్లు ఉతికేది నేనే. రోజూ చూస్తాను. నువ్వు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పక్కనే కూర్చోవచ్చు, అడిగాను. రాత్రికి మాత్రం ఇంటికి పోవాలి. ఎక్కువ కాలం ఆ మంచం ఆపరు. నీకు ఇష్టం లేకపోతే వద్దని చెప్పేస్తాను. ఒక్క ముక్క రాయి చాలు. వద్దంటే వద్దు.

చర్చికి తాళం వేసే రోజున ఒకటి గుర్తుపెట్టుకో. అందరూ దిగాక నువ్వు కూడా మిగులుతావు. ఆయన నీతో కలిసి దిగరు. నిన్ను దింపాకే దిగుతారు. దిగమన్నప్పుడు దిగు. ఆయన్ని ఒక్కరినీ పైన వదల్లేనని మొండికేయకు. నువ్వు మొండికేస్తే ఇద్దరూ అక్కడే ఉండిపోతారు.

చిట్టి


కొండ కింద, టీ కొట్టు

చిట్టీ,

ఈ ఉత్తరం తెచ్చే ఆసుపత్రి బండిలోనే మీ బావ ఉన్నారు. డ్రైవరు టీ తాగుతున్నాడు, అంతలో రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు. 

పొద్దున చర్చికి తాళం వేశారు. సన్నగా వాన పడుతోంది. ఫాదర్‌గారు తలుపు వేసి, గొళ్ళెం పట్టి లాగి చూసుకున్నారు. గంట కొట్టే తాతని దొరసాని మీద ఎక్కించారు. వంటమనిషి గిన్నెలు నెత్తిన పెట్టుకుని, "బతికాం బాబోయ్" అంటూ దిగింది. మీ బావ ఒక్కొక్కరికీ చేయి అందించారు. తర్వాత వెనక్కి పోయి తలుపు తలుపూ తట్టారు. ఎవరూ లేరు. గంట తాళ్ళ గది రెండుసార్లు చూసుకున్నారు.

వచ్చి నా ముందు నిలబడ్డారు. "మీరొక్కరే ఉన్నారమ్మా. దిగండి" అన్నారు. "మీరు కూడా రండి" అన్నాను. "నేను ఆఖర్న" అన్నారు.

నువ్వు చెప్పావు కాబట్టి దిగాను. లేకపోతే నా వల్ల కాకపోయేది. రాళ్ళు జారుతున్నాయి. ఆయన వస్తున్నారో లేదో చూద్దామని తల తిప్పితే, "ముందు చూసి నడవండమ్మా" అని పై నుంచి కేక. ఆ కేక వినపడితే వస్తున్నారని ధైర్యం. కాసేపు వినపడకపోతే భయం. అప్పుడు కావాలనే వెనక్కి తిరిగేదాన్ని, తిట్టించుకోడానికి. అలా తిట్టించుకుంటూ దిగాను కిందిదాకా.

కిందికి వచ్చాక ఫాదర్‌గారిని అడిగారు, "అందరూ దిగారా?" అని. దిగారన్నారు ఆయన. మీ బావ ఒక పెద్ద ఊపిరి విడిచి రాయి మీద కూర్చున్నారు. అంత నిమ్మళంగా ఆయన కూర్చోవడం చూసి ఎంత కాలమైందో. నేను పక్కన కూర్చున్నాను. నాకేసి చూసి, "ఇక ఇంటికి పోవాలండీ" అన్నారు. "మా ఆవిడకి కంగారెక్కువ. ఈ పాటికి గుమ్మంలోకి వచ్చి నిలబడి ఉంటుంది. నేను వచ్చేదాకా తినదు. ఎన్నిసార్లు చెప్పినా వినదు" అన్నారు.

నేనేనండీ అన్నాను చిట్టీ. ఆయన చేయి పట్టుకుని అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, మెల్లిగా, నాకు బాధ కలగకుండా చేయి విడిపించుకున్నారు. "మీరు పెద్దవారమ్మా" అన్నారు. "ఆవిడ చిన్నది."

బండి వచ్చింది. ఇది మీ ఇంటికే పోతుందని ఆయనతో నేనే చెప్పాను. ఫాదర్‌గారు చెప్పలేదు, డ్రైవరు చెప్పలేదు, నేనే చెప్పాను. నువ్వు రాసిన మంచం సంగతికి నా జవాబు ఇదే అనుకో. వద్దని రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. పైన నా కాళ్ళు నా మాట వినడం మానేశాయి. ఆయన లేచి గేటు దగ్గరికి పోతే వెనక పోలేక గుమ్మం పట్టుకుని పిలిచేదాన్ని. ఎవరినో పిలుస్తున్నాననుకుని ఆయన కూడా చుట్టూ చూసేవారు.

బండిలో నేను కూడా ఎక్కితే ఒప్పుకోలేదు. "తప్పుగా అనుకోకండి, పరాయి ఆడమనిషితో బండి దిగితే మా ఆవిడ బాధపడుతుంది" అన్నారు. డ్రైవరు నవ్వబోయి నా ముఖం చూసి ఆపేశాడు. ఎంత చెప్పినా నేను దిగితే గానీ ఆయన కూర్చోనన్నారు. దిగిపోయాను. నేను ఫాదర్‌గారితో రేపటి బస్సులో వస్తాను. దారి బాగుంటే. ఇప్పుడు ముందు సీట్లో కూర్చుని ఉన్నారు. ఇటు చూసి మర్యాదగా తలూపారు. నేను కూడా ఊపాను.

డ్రైవరు గ్లాసు పెట్టేశాడు. త్వరగా రాస్తున్నాను. ఈ పూట పసుపు మాత్ర ఇంకా వేయలేదు. అరచేతి గీత మానలేదు, తడి తగలనీయకు. ఉప్పు తక్కువ వేయించు. చీకట్లో ఉలిక్కిపడతారు, ఏదో ఒక దీపం ఉంచమను.

బండి ఆగేసరికి నువ్వు గుమ్మంలో నిలబడి ఉండు. నీకు నా పోలిక. నిన్ను చూసి నేననుకుంటే అనుకోనీ. కాదనకు. అన్నం తిన్నావా అని అడుగుతారు, తిన్నానని చెప్పు. ఆలస్యమైందని ఏమీ అనకు. నేను కంగారుపడలేదని చెప్పు.